గేటు లోపలి చెవి

నేను ఇంజనీరును కాను. ఇంజను నీరుగారిపోతే లేపి నిలబెట్టేవాణ్ణి. విజయవాడ ఆటోనగర్‌లో ఈ తేడా అందరికీ తెలుసు. ఆస్ట్రేలియా వాళ్లకి తెలియక నా వీసా కాగితంలో ‘భారీ వాహనాల శబ్ద నిర్ధారణ నిపుణుడు’ అని రాశారు. ఇంత పొడవు బిరుదు మా వంశంలో ఎవరికీ లేదు. మా నాన్నకున్న ఏకైక బిరుదు ‘ఒరేయ్’.

బిరుదు పొడవు గానీ పని పొట్టిది. ఇంజను నడుస్తుండగా పొడవాటి స్క్రూడ్రైవర్ మొనని దాని ఒంటికి, పిడిని నా చెవి వెనక ఎముకకి ఆనించి వినాలి. లోపల ఏది అరిగిందో, ఏది విరగబోతోందో, ఇంకా ఎన్ని గంటలు ఓర్చుకుంటుందో చెప్పాలి. ఇరవై ఆరేళ్లు అదే చేశాను. అన్నాళ్లూ బండి కండిషన్ నేను చెప్పాను. ఆ తర్వాత నా కండిషన్లు వీసా చెప్పింది.

కేన్‌బీ అని ఒక ఇనుప గనుల కంపెనీ. వాళ్లకి మూడంతస్తుల ఎత్తున్న లారీలు అరవై ఉన్నాయి. గని దారిలో ఒక్కటి మొరాయిస్తే వెనకాల అన్నీ ఆగిపోతాయి. కంప్యూటర్లు తగిలించారు గానీ, అవి బండి చెడ్డాక చెప్పేవి. చెడ్డాక డ్రైవరూ చెప్పగలడు. చెడకముందే చెప్పే చెవి ఒకటి బెజవాడలో ఉందని ఎవరో చెబితే, ఎక్స్‌పర్టును ఎక్స్‌పోర్టు చేయించుకున్నారు. కేన్‌బీ అంటే ఇంగ్లీషులో ‘కావచ్చు’ అన్నట్టుంటుంది. శాశ్వత నివాసం ఎప్పుడిస్తారని అడిగితే వాళ్ల జవాబు కూడా అదే.

దీన్ని స్పాన్సర్‌షిప్ అంటారు. షిప్పు ఎక్కించేదీ వాళ్లే, లంగరు పట్టుకునేదీ వాళ్లే. వీసమెత్తు వీసా, పుట్టెడు షరతులు. నాలుగేళ్లకి తాత్కాలికం అన్నారు. తాతనయ్యే కాలం దాకా పొడిగిస్తారేమో అని మురిసిపోయాను.

“ఊరి పేరేంటండీ?” అంది మా ఆవిడ ఝాన్సీ.

“మలూరా.”

“మన ఊరా?”

“మన ఊరు కాదే, మలూరా!”

“ఎవరి ఊరైతే ఏంటండీ, పొగ లేకపోతే చాలు. పదండి.”

వెళ్దామని పట్టుబట్టింది ఆవిడే. కారణం మా మోక్షిత. తొమ్మిదేళ్ల పిల్ల. నన్ను పొగిడితే ఉబ్బుతాను. దానికి పొగ తగిలితే ఉబ్బసం. మూడేళ్ల వయసు నుంచీ రోజూ పొద్దున్నే దాని వీపుకి చెవి ఆనించి వినేవాణ్ణి. ఆయాసం రావడానికి ఒక రోజు ముందే నాకు తెలిసేది. ఆ పూటే మందు మొదలుపెట్టేవాళ్లం. ఆరేళ్లలో పిల్ల ఒక్కసారి కూడా ఆస్పత్రి మంచం ఎక్కలేదు. డాక్టర్లు ఆశ్చర్యపోయేవారు. నేను ఉబ్బేవాణ్ణి.

ముందు నేనొక్కణ్ణే వెళ్లాలి. వాళ్లిద్దరి కాగితాలు నాలుగు నెలల తర్వాత వస్తాయన్నారు.

మలూరాలో దిగిన మూడో రోజు నన్ను గని ఆవరణలోని ప్రయోగశాలకి తీసుకెళ్లారు. మేనేజరు పేరు విట్‌లాక్. పేరు చివరే తాళం కప్ప వేలాడుతున్నా నేను గమనించలేదు.

“మిస్టర్ నాచో,” అన్నాడు. నాంచారయ్య అనడానికి ఆయన నాలుక మూడుసార్లు ప్రయత్నించి రాజీనామా చేసింది. ఆ పేరుతో అక్కడ మొక్కజొన్న చిప్సు అమ్ముతారట. “మేం ఎంతో శ్రమపడి ఒక మనిషిని స్పాన్సర్ చేసి తెచ్చుకుంటాం. ఆర్నెల్లకి పక్క గనివాడు ఎగరేసుకుపోతాడు. మనిషిని కట్టేయడం తప్పు, మాకు తెలుసు. మేం తెచ్చుకున్నది నైపుణ్యాన్ని. అది గేటు లోపల ఉంటే మాకు చాలు.”

“నైపుణ్యం నా బుర్రలో ఉంది కదండీ. బుర్ర నాతో పాటు ఇంటికి రావద్దా?”

“రావచ్చు,” అన్నాడు విట్‌లాక్ దయగా. “బుర్ర రావచ్చు.”

“ఏమన్నా, బెజవాడనా?” అని వెనక నుంచి తెలుగు వినబడేసరికి ఎగిరిపడ్డాను. తెల్లకోటులో ముప్పై అయిదేళ్ల ఆవిడ నవ్వుతోంది. “మాది కదిరి. రెహానా అంటారు. ఈడ సైంటిస్టును. నేనూ నీ మాదిరే స్పాన్సర్ మీద వచ్చినా. కూర్చో అన్నా, నొప్పేం ఉండదు.”

తల మీద వైర్ల టోపీ పెట్టింది. చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించింది. నలభై బండ్ల చప్పుళ్లు ఒక్కొక్కటే వినిపిస్తూ ఎదురుగా తెర చూపించింది.

“నీకు ‘ఆఁ, ఇదీ’ అని తెలిసే క్షణం ఒకటి ఉంటాది గదా. అప్పుడు తలకాయలో ఒక చోట దీపం మాదిరి వెలుగుతాది. ఆ చోటు దొరికితే చెవి వెనక బొత్తమంత గొళ్ళెం పెడతాం. గేటు లోపల దీపం వెలగనిస్తాది, గేటు దాటినంక ఆర్పేస్తాది. చెవుడు రాదు, భయపడొద్దు. చప్పుడు ఇనపడతాది. నీతో మాట్లాడదు, అంతే.”

చెవిలో పువ్వు పెట్టించుకున్నవాళ్లని చాలామందిని చూశాను. చెవి వెనక బొత్తం పెట్టించుకోబోతున్నది నేనే. గొళ్ళెం ఉంటేనే స్పాన్సర్‌షిప్ అని ఒప్పందంలో తొమ్మిదో పేజీలో ఉందట. నేను ఆరో పేజీలో నిద్రపోయి పదకొండో పేజీలో సంతకం దగ్గర లేచాను.

తీరా చూస్తే దీపం వెలగలేదు. హెడ్‌ఫోన్లలో వచ్చే చప్పుడు ఎముకకి తగలదు. తెర మీద ఏదో మిణుకుమంది, అంతే. విట్‌లాక్ వాచీ చూసుకున్నాడు. ‘ఇతనికా మనం వీసా ఇప్పించింది’ అన్నట్టు నా వైపు చూశాడు. నాకు రోషం వచ్చింది.

“డాక్టరమ్మా, మీరు కొమ్మలు పట్టుకుని ఊపుతున్నారు. వేరు ఇక్కడ లేదు,” అన్నాను. “మా బాజీ మేస్త్రి దగ్గర చేరినవాణ్ణి మొదటి ఆర్నెల్లు ఇంజను ముట్టనిచ్చేవాడు కాదు. ఆయనకి ఉబ్బసం. పొద్దున్నే చొక్కా విప్పి స్టూలు మీద కూర్చుని, ‘ముందు నన్ను వినండ్రా. నేనెప్పుడు చెడతానో చెప్పినోడికే బండి’ అనేవాడు. నేను నేర్చుకున్నది వీపు మీద. విట్‌లాక్ గారూ, కాస్త అటు తిరగండి.”

ఆయన తిరిగాడు. కోటు మీద నుంచే వీపుకి చెవి ఆనించాను. తెర ఒక్కసారిగా దీపావళి అయిపోయింది. రెహానా కుర్చీలోంచి లేచి నిలబడింది.

“అయ్యగారు సిగరెట్లు మానేశానని ఇంట్లో చెప్పారు కదూ,” అన్నాను. “మానలేదు. పొద్దున్న కూడా రెండు.”

విట్‌లాక్ చెవులు ఇనుప ఖనిజం రంగులోకి తిరిగాయి. తేరుకుని తెర చూశాడు. “ఇదే అసలు చోటు. ఇక్కడే పెట్టండి,” అన్నాడు.

రెహానా వెంటనే కదలలేదు. “అన్నా, ఇది బండి కాదు గదా,” అంది మెల్లగా. “మనిషి గదా. దీన్ని పట్టుకుంటే...”

“అంతా ఒకటేనమ్మా! ఊపిరి ఊపిరే. బండిదైతే ఏంటి, మనిషిదైతే ఏంటి!” అన్నాను గొప్పగా. విట్‌లాక్, చుట్టూ ఉన్న ల్యాబు సహాయకులు చప్పట్లు కొట్టారు. నా జీవితంలో నేను చేసిన పెద్ద తప్పుకి పడ్డ చప్పట్లవి.

మొదట్లో వేడుకగానే ఉండేది. గేటు లోపల అరవై లారీలు అరవై గొంతులతో నాతో మొరపెట్టుకునేవి. గేటు దాటి రెండడుగులు వేస్తే చాలు, వెనకాల మాటలన్నీ ఉత్త చప్పుళ్లయిపోయేవి. ఒకసారి నా సొంత పాత కారు కిర్రుమంటుంటే ఏమిటో తెలియక మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లాను. ఇరవై ఏళ్ల కుర్రాడు బానెట్ ఎత్తకుండానే “బెల్టు వదులైంది అంకుల్” అన్నాడు. నాకు బెల్టుతో కొట్టినట్టయింది. ఆ సంగతి ఫోన్లో ఝాన్సీకి చెబితే అయిదు నిమిషాలు నవ్వింది.

“పోన్లెండి, ఇంటికొచ్చాక మీ బుర్ర ఖాళీగా ఉంటుంది. అప్పుడైనా నా మాట ఎక్కుతుందేమో.”

నాలుగు నెలలకి ఇద్దరూ వచ్చారు. వచ్చిన మర్నాడు పొద్దున్నే అలవాటుగా మోక్షిని కూర్చోబెట్టి వీపుకి చెవి ఆనించాను. లబ్ డబ్, గాలి లోపలికి, గాలి బయటికి. చెప్పుకోదగ్గదేమీ వినబడలేదు. మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

“ఏమంటోందండీ?” అంది ఝాన్సీ.

“ఏమీ అనడం లేదు. ఫస్ట్ క్లాస్! ఈ ఎండు గాలి దానికి పడిందే.”

పిల్ల బాగుంది కాబట్టి ఊపిరి ఏమీ చెప్పడం లేదనుకున్నాను. పది రోజులు అలాగే అనుకున్నాను. గొళ్ళెం గురించి నాకు గుర్తు రాలేదా అంటే వచ్చింది. కానీ అది బండ్లకి కదా, అనుకున్నాను.

పదకొండో రోజు ఆదివారం. మధ్యాహ్నం ఝాన్సీ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

“ఏవండీ, పిల్ల భుజాలెగరేసి పీలుస్తోంది, చూడండి!”

“పొద్దున్నే విన్నాను కదే, బాగుందీ...”

“బాగుంటే ఇదేంటి? ఆ పెదాలేంటి?”

ఇన్‌హేలర్ మూడుసార్లు కొట్టాం. లాభం లేకపోయింది. మలూరా క్లినిక్‌లో నర్సు మంగళ, గురువారాల్లోనే ఉంటుంది. ఆస్పత్రి నూట తొంభై కిలోమీటర్లు. అంబులెన్సుకి ఫోన్ చేస్తే, మీరు అటు నుంచి బయల్దేరండి, మేం ఇటు నుంచి వస్తాం, దారిలో కలుద్దాం అన్నారు. ఎర్రటి మట్టి రోడ్డు మీద కారు తోలుతున్నాను. వెనక సీట్లో పిల్ల ఊపిరి. నాకు తెలియని భాషలో రేడియో పెట్టినట్టుంది. పెరుగుతోందా, తగ్గుతోందా, ఇంకెంత సేపు ఓర్చుకుంటుంది? మూడంతస్తుల లారీకి చెప్పగలిగినవాణ్ణి. వెనక్కి తిరిగి చూడటం తప్ప ఏమీ తెలియలేదు. ఝాన్సీ ఒక్కటే మాట అంటోంది. “చెప్పండి. ఎలా ఉందో చెప్పండి. మీకు తెలుస్తుంది కదా, చెప్పండి.”

తొంభయ్యో కిలోమీటరు దగ్గర అంబులెన్సు ఎదురొచ్చింది. ఆస్పత్రిలో నాలుగు రోజులున్నాం. పెద్ద డాక్టరు మంచివాడు. అర్థమయ్యేలా చెప్పాడు. “ఈ పాపకి ఆయాసం మొదలైందంటే గంటలో ముదిరిపోతుంది. మీ ఊరి నుంచి ఇక్కడికి ఆ గంట చాలదు. ఊదించి చూసే గొట్టం ఇస్తాను గానీ, అది మొదలయ్యాకే చూపిస్తుంది. ఒక రోజు ముందు మందు పడితే ఏ గొడవా ఉండదు.”

“ఒక రోజు ముందు ఎలా తెలుస్తుంది?” అని అడిగింది ఝాన్సీ.

“అదే, తెలియదు,” అన్నాడాయన.

ఝాన్సీ నా వైపు చూసింది. ముఖంలో కోపం లేదు. ఉంటే బాగుండేది.

ప్రయోగశాలకి వెళ్లేసరికి రెహానాకి విషయం చెప్పనక్కర్లేకపోయింది. తెర మీద నా పాత దీపావళి పెట్టుకుని కూర్చుంది.

“నేను భయపడిందే జరిగిందన్నా. దీపాన్ని వేరు కాడనే పట్టుకున్నాం. వేరు మీ మేస్త్రి వీపులో ఉండాది. బండికీ పాపకూ వేరే వేరే దీపాలు నీకు లేవు, ఒకటే.”

“తీసెయ్ తల్లీ.”

“తీసేదానికి రెండు నిమిషాలు చాలు. స్పాన్సర్ ఒప్పుకుంటేనే తీసే సాధనం నా చేతికొస్తాది.”

విట్‌లాక్ దగ్గరికెళ్లాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. పిల్లకి బొమ్మ కూడా పంపించాడు. “ఒప్పందం ముగిసిన రోజునే తీసేస్తాం, మిస్టర్ నాచో. మూడేళ్ల ఎనిమిది నెలలు. ఎంతలో గడుస్తాయి!”

“ఇవాళే మానేస్తే?”

“మానేస్తే మీకు వీసా ఉండదు. గొళ్ళెం తీయించుకోవాలంటే దరఖాస్తు పెట్టుకుని ఆరు నెలలు మీరు ఇక్కడే ఉండాలి. వీసా లేకుండా ఉండలేరు కదా.”

“వేరే కంపెనీ స్పాన్సర్ చేస్తే?”

“దేనికి చేస్తారు?” అన్నాడు అమాయకంగా. “బయట మీకు ఏమీ వినబడదు.”

నైపుణ్యం అంటే ‘నై పుణ్యం’ అని అప్పుడు తెలిసింది. జోకు వేద్దామని నోరు తెరిచాను గానీ, ఆయనకి తెలుగు రాదు. నాకు నవ్వు రాలేదు.

బయటికొస్తుంటే రెహానా నా పక్కనే నడిచింది. పైన కెమెరాలున్నాయని కళ్లతో చెప్పింది. పెదాలు కదలకుండా, “శనివారం సూపర్‌మార్కెట్‌కి రా. ఇంకో దారి ఉండాది,” అని పెన్నుతో తన అరచేతిలో ఏదో రాసుకుంది.

శనివారం పది గంటలకల్లా నేనూ ఝాన్సీ అక్కడున్నాం. రెహానా, ఆవిడ భర్త ఉల్లిపాయలు ఏరుతున్నారు.

“ఏమన్నా, బాగుండావా? పాపకెట్లుండాది?” అంది.

“ఇంకో దారి ఉందన్నావుగా తల్లీ, అదేంటి?”

“ఏం దారన్నా?”

నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు. జుట్టు పక్కకి తీసి చెవి వెనక చూపించింది. బొత్తం.

“గేటు దాటితే గొళ్ళెం సంగతే నాకు తెల్దన్నా. నేనే కనిపెట్టినానంట. మా ఆయన చెప్తాడు. మొట్టమొదట నాకే పెట్టినారు, పక్క కంపెనీకి పోయి ఇంకోటి చేస్తానని.” భర్త ఉల్లిపాయల వైపు చూస్తూ ఉండిపోయాడు. “ఇంట్లో కూర్చుంటే నాకు అంతా తెలుసు అనిపిస్తాది. ఏం తెలుసో తెల్దు.”

ఝాన్సీ ఆవిడ భుజం మీద చెయ్యి వేసింది.

“ఇదో, ఇది మాత్రం ఉండాది,” అని రెహానా అరచెయ్యి చాపింది. “మొన్న నేనే రాసుకున్నట్లుండా. రెండు దినాలు ఈ చేతికి సబ్బు తగలనియ్యలా. నాకైతే ఏమీ అర్థం కాల్యా. నీకేమన్నా అయితాదేమో సూడు.”

చెమటకి సగం చెరిగిన మాటలు. ‘గేటు కాదు. కంచె.’

ఆవిడ నా ముఖం చూస్తూ, “మంచి మాటేనా అన్నా?” అంది. మంచి మాటేనమ్మా, అన్నాను.

గొళ్ళేనికి హద్దు గేటు ఒక్కటే కాదు, గని చుట్టూ ఉన్న కంచె పొడుగునా. ఇనుప వల కంచె. లోపలి పక్క నా చెవి ఉండొచ్చు. బయటి పక్క ఎవరైనా ఉండొచ్చు.

“అంటే పిల్లని తీసుకొచ్చి ఆ తీగలకి ఆనించాలా?” అంది ఝాన్సీ. “ఇదేం వైద్యమండీ బాబూ! జనం చూస్తే ఏమంటారు?”

“ఇక్కడ జనం ఎక్కడున్నారే? అన్నీ కంగారూలు. నువ్వు కంగారు పడకుండా తీసుకురా.”

సోమవారం సాయంత్రం అయిదున్నరకి, షిఫ్టు దిగి, వర్క్‌షాపు వెనక కంచె దగ్గరికెళ్లాను. పదకొండు కిలోమీటర్లు కారు తోలుకుని ఝాన్సీ వచ్చింది. మోక్షి స్కూలు చొక్కాతోనే దిగింది.

“నాన్నా, నువ్వు జూలో ఉన్నట్టున్నావు!”

“ఏ జంతువులా ఉన్నాను?”

“అరిచే జంతువులా!”

“అయితే తిరుగు. కరవనులే.”

వెనక్కి తిరిగి కంచెకి వీపు ఆనించింది. నేను మోకాళ్ల మీద కూర్చుని తీగల్లో చెవి దూర్చాను. చల్లటి తీగ, దాని మధ్యలో వెచ్చటి చొక్కా. అయిదు నెలల తర్వాత నా కూతురు నాతో మాట్లాడింది. ఎడమ పక్క, కింద, సన్నగా ఈల. ఎంత స్పష్టంగా ఉందో! దానికి ఏం జరగబోతోందో దానికంటే ముందు నాకు చెప్పేస్తోంది.

“రేపు సాయంత్రానికి పట్టేస్తుంది,” అన్నాను. “ఈ పూటే మందు మొదలుపెట్టు.”

ఝాన్సీ తల ఊపింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. దుమ్ము అంది. మర్నాడు సాయంత్రం ఏమీ రాలేదు.

ఏడు వారాలు అలా నడిచింది. రోజూ అయిదున్నరకి. మోక్షి స్కూలు చొక్కాల వెనక ఎర్రటి డైమండు గళ్లు పడ్డాయి. ఉతికితే పోలేదు. రెండుసార్లు ఈల పట్టుకున్నాను, ఒకసారి ఇంకా మొదలవని గరగర పట్టుకున్నాను. పిల్ల మళ్లీ పరిగెత్తడం మొదలుపెట్టింది. ఝాన్సీ పాట పాడుతూ గిన్నెలు కడగడం విన్నాను. కిటికీ బయట నుంచి, ఏ చెవి సాయమూ లేకుండా.

ఎనిమిదో వారం విట్‌లాక్ పిలిచాడు. బల్ల మీద కంచె ఫోటోలు వరసగా పేర్చి ఉన్నాయి. రెహానా ఓ పక్క నిలబడి ఉంది.

“స్పాన్సర్ చేసిన నైపుణ్యాన్ని మీరు ఇంకొకరి కోసం వాడుతున్నారు,” అన్నాడు. “వీసా షరతు ప్రకారం అది వేరే యజమాని దగ్గర పని చెయ్యడం.”

“వేరే యజమాని ఎవరండీ?”

ఆయన ఫోటో మీద వేలు పెట్టాడు. స్కూలు చొక్కా, రెండు జడలు.

“ఆవిడ నన్ను స్పాన్సర్ చెయ్యలేదండీ,” అన్నాను. “నేనే ఆవిణ్ణి చేశాను.”

విట్‌లాక్ నవ్వాడు. మంచి జోకని మెచ్చుకున్నాడు కూడా. “నేను పైకి రాయను, మిస్టర్ నాచో. రాస్తే మీ ముగ్గురి వీసాలూ పోతాయి. నాకూ పిల్లలున్నారు. దీన్ని భద్రత సమస్యగా చూద్దాం. పిల్లలు కంచె దాకా రాకుండా ఏదో ఒకటి చేద్దాం.”

“అయ్యా, మీ వీపు విన్నాను నేను,” అన్నాను. నా గొంతు నాకే చిన్నగా వినబడింది. ఆటోనగర్‌లో రోడ్డుకి అటు నుంచి ఇటు వినబడే గొంతది. “రెండు నిమిషాల పని. ఆవిడకి ఆ సాధనం ఇప్పించండి.”

ఆయన రెహానా వైపు చూశాడు. రెహానా నేల వైపు చూసింది. ఆ గదిలో ఆవిడకి అంతా తెలుసు. తెలిసి నిలబడి ఉంది.

“ఈ ఒక్కరికి తీస్తే ఇంకో రెండొందల మంది వరసలో ఉంటారు,” అన్నాడు విట్‌లాక్. “ఒక్కొక్కరికీ ఇంట్లో ఎవరో ఒకరు ఉంటారు కదా.”

రెహానా తెలుగులో అంది, ఆయనకి కాదు, నాకు. “ఆ రెండొందల్లో నేనూ ఉండానన్నా.”

పదిహేను రోజుల్లో రెండో కంచె వేశారు. పాతదానికి నాలుగడుగుల అవతల, దాని పొడుగునా, కొత్త తీగ. పని శుభ్రంగా చేశారు. మధ్యలో కంకర పోసి చదును చేశారు.

గురువారం సాయంత్రం అయిదున్నరకి ఝాన్సీ అలవాటుగా కారు ఆపింది. దిగి, కొత్త కంచె చూసి, కాసేపు కారు తలుపు పట్టుకుని నిలబడింది. మోక్షి మాత్రం పరిగెత్తుకొచ్చి, తిరిగి, కొత్త తీగలకి వీపు ఆనించేసింది.

“నాన్నా, రేపు స్కూల్లో పరుగు పందెం! నాలుగొందల మీటర్లు. మిస్ నా పేరు రాసేసుకుంది. పరిగెత్తొచ్చా? విని చెప్పు.”

“పేరు ఎందుకిచ్చావే ముందే?” అంది ఝాన్సీ.

“నాన్న ఫస్ట్ క్లాస్ అంటే పరిగెత్తుతాను, లేకపోతే లేదని చెప్పాను. నాన్నకి తెలుస్తుందని చెప్పాను.”

నేను పాత కంచె తీగల్లో చెవి దూర్చాను. చెంప కోసుకుపోయేదాకా దూర్చాను. నాలుగడుగులు. చెయ్యి చాపినా వేలి కొస అందదు. కళ్లు మూసుకున్నాను.

చెంపకి తగిలిన తీగలోంచి గని చప్పుళ్లన్నీ వినబడుతున్నాయి. గాలికి కొత్త తీగ మూలుగు. వర్క్‌షాపులో పదిహేడో నంబరు లారీ, మూడో సిలిండరు. కిలోమీటరు అవతల ఖనిజం మోసే బెల్టు, దాని కింద వరసలో ఒక బేరింగు. నూనె అయిపోయింది. ఇనుము ఇనుమును తింటోంది.

“ఏవండీ,” అంది ఝాన్సీ.

“నాన్నా, చెప్పు!” అంది మోక్షి అటే తిరిగి.

ఆ బేరింగు రేపు మధ్యాహ్నం దాకా ఆగుతుంది. రెండు గంటలకో, రెండున్నరకో విరుగుతుంది. అది నాకు ఖచ్చితంగా తెలుసు.

మోక్షి ఇంకా వీపు ఆనించి, కదిలితే వినబడదేమో అని, కదలకుండా నిలబడి ఉంది.